ఉక్కు సంగతి సరే

ఒకప్పటి పేరున్న కత్తిని మళ్ళీ తయారుచేసి బజారులోకి వదిలితే, కత్తులంటే ప్రాణం పెట్టేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: ఉక్కు ఏది? ఆకారం చూడగానే తెలిసిపోతుంది. పిడి సంగతి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఉక్కు మాత్రం కంటికి ఆనదు, చేతికి అందదు. కంపెనీవాడు చెప్పాలి, మనం నమ్మాలి. అందుకే గొడవంతా అక్కడే మొదలవుతుంది.

నేను ఇక్కడ మాట్లాడబోయేది గెర్బర్ మార్క్ 2 అనే కత్తి గురించి. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్‌లో ఉన్న గెర్బర్ కంపెనీ 1960ల మధ్యలో దీన్ని మొదలుపెట్టింది. రెండు వైపులా పదును, సూదిలాంటి మొన, మధ్యలో కందిరీగ నడుములా కాస్త సన్నబడే బ్లేడు. పాత రోమన్ సైనికుల పొట్టి ఖడ్గం దీనికి ప్రేరణ అంటారు. తొలి కత్తుల్లో పిడికీ బ్లేడుకీ మధ్య 5 డిగ్రీల వంపు కూడా ఉండేది, ఒంటికి అంటిపెట్టుకుని ఉండటానికి. వియత్నాం యుద్ధానికి వెళ్ళిన సైనికులు ఎంతోమంది సొంత డబ్బు పెట్టి దీన్ని కొనుక్కున్నారు. 1981లో వచ్చిన రెండో మ్యాడ్ మాక్స్ సినిమాలో కనపడి, యుద్ధం ఎరగని కుర్రాళ్ళకి కూడా పరిచయమైంది. 2000 ప్రాంతంలో తయారీ ఆగింది. 2008లో మళ్ళీ మొదలైంది.

మళ్ళీ వచ్చిన కత్తి 420హెచ్‌సీ అనే స్టెయిన్‌లెస్ ఉక్కుతో వచ్చింది. తొలి ఏళ్ళ బ్లేడ్లు ఎల్‌6 అనే టూల్ స్టీల్‌వి. ఇంతే తేడా. ఈ తేడా మీద జరిగే వాదం వింటే, ఎవరో తాతగారి ఇల్లు కూల్చేసి అదే చోట అదే రంగులో అపార్ట్‌మెంట్ కట్టారేమో అనిపిస్తుంది. "పేరు అదే, ఆకారం అదే, లోపల మాత్రం చవక సరుకు" అని ఒకరు. "తుప్పు పట్టని కత్తి ఇచ్చినందుకు సంతోషించక ఏడుపెందుకు" అని మరొకరు. "ఉక్కు పేరు కాదయ్యా, దాన్ని కాల్చి చల్లార్చిన పద్ధతి ముఖ్యం" అని మూడో ఆయన. ముగ్గురూ తెలిసే మాట్లాడుతున్నారు. ముందు ఆ తెలివికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి.

ఇనుములో కాస్త కార్బన్ కలిస్తే ఉక్కు. ఎంత కార్బన్ అన్నదాన్ని బట్టి అది ఎంత గట్టిపడగలదో తేలుతుంది. 420హెచ్‌సీలో కార్బన్ దాదాపు 0.45 శాతం, క్రోమియం 13 శాతం దాకా. ఆ క్రోమియం వల్లే తుప్పు రాదు. ఎల్‌6లో కార్బన్ 0.7 శాతం చుట్టుపక్కల, కాస్త నికెల్. రంపపు బ్లేడ్లకి వాడే జాతి అది. వంచితే వంగుతుంది, కొడితే తట్టుకుంటుంది, తడి తగిలితే మాత్రం తుప్పు పడుతుంది. ఇక ఈ కాలపు ఖరీదైన ఉక్కులు వేరే. 2001 ప్రాంతంలో వచ్చిన ఎస్30వీలో కార్బన్ 1.45 శాతం, దానికి తోడు 4 శాతం వనేడియం. ఆ వనేడియం కార్బన్‌తో కలిసి ఇసుక రేణువుల కన్నా గట్టిగా ఉండే చిన్న చిన్న కణాలుగా ఉక్కు లోపల కూర్చుంటుంది. పదును చాలాకాలం నిలుస్తుంది. మళ్ళీ పదును పెట్టాలంటే మాత్రం సానరాయి మొరాయిస్తుంది.

అన్నీ ఉన్న ఉక్కు లేదు. గట్టిదనం పెంచితే పెళుసుదనం పెరుగుతుంది. విరగని గుణం కావాలంటే పదును నిలిచే గుణం కొంత వదులుకోవాలి. తుప్పు పట్టకూడదంటే మరేదో వదులుకోవాలి. పైగా, అదే ఉక్కుని ఒకరు ఎర్రగా కాల్చి సరిగ్గా చల్లార్చి, మళ్ళీ కొద్దిగా వేడిచేసి పెళుసుదనం తీస్తే ఒక కత్తి, ఇంకొకరు ఆదరాబాదరాగా చేస్తే ఇంకో కత్తి. ఇదే 420హెచ్‌సీతో బక్ అనే మరో అమెరికన్ కంపెనీ ఎన్నో ఏళ్ళుగా మంచి పేరున్న కత్తులు చేస్తోంది. పాల్ బాస్ అనే ఆయన రూపొందించిన కాల్చే పద్ధతే దానికి కారణమని అందరూ ఒప్పుకుంటారు. కాబట్టి మూడో ఆయన మాటే ఎక్కువ సరైనది. ఇక్కడితో ఆగితే ఇది లోహశాస్త్రం. లారిన్ థామస్ లాంటి లోహశాస్త్రవేత్తలు మామూలు పాఠకులకి అర్థమయ్యేలా ఇదంతా రాసిపెట్టారు కూడా.

నాకు కావలసింది దీని తర్వాతి ప్రశ్న. ఈ వాదంలో ఎవరూ అడగనిది. మంచి ఉక్కు అంటున్నారు సరే. దేనికి మంచి?

మార్క్ 2 కూరగాయలు తరగడానికి చేసిన కత్తి కాదు. దీని వంశం తెలియాలంటే ఇంకా వెనక్కి, రెండో ప్రపంచయుద్ధం దాకా వెళ్ళాలి. షాంఘై నగర పోలీసుల్లో పనిచేసిన ఇద్దరు బ్రిటిష్ అధికారులు, ఫెయిర్‌బెర్న్, సైక్స్, 1940 చివర్లో లండన్‌లోని విల్కిన్‌సన్ కత్తుల కంపెనీతో కూర్చుని బ్రిటిష్ కమాండోల కోసం ఒక బాకు తయారుచేయించారు. సుమారు 7 అంగుళాల సన్నటి బ్లేడు, రెండంచులు. అది పొడవడానికే. 1942లో ఫెయిర్‌బెర్న్ చేతి పోరు గురించి రాసిన పుస్తకంలో ఒక పట్టిక ఉంది. శరీరంలో ఏ రక్తనాళం ఎంత లోతున ఉంటుంది, అది తెగితే మనిషి ఎన్ని సెకన్లలో స్పృహ కోల్పోతాడు, ఎన్ని సెకన్లలో చనిపోతాడు. రైల్వే టైమ్‌టేబుల్ లాగా గళ్ళు గీసి ఉంటుంది. ఆ అంకెల తప్పొప్పులు పక్కన పెడితే, ఆ కత్తిని చేసినవాళ్ళకి అది ఎందుకో స్పష్టంగా తెలుసనీ, ఆ సంగతి దాచుకోవాలని వాళ్ళకి అనిపించలేదనీ ఆ పట్టిక చెబుతుంది.

ఆ పనికి ఎలాంటి ఉక్కు కావాలి? దీనికి జవాబు వాదించేవాళ్ళకి నచ్చదు. పెద్దగా ఏమీ అక్కర్లేదు. మొన సూదిగా ఉండాలి, విరగకూడదు. అంతే. పదును వంద అట్టపెట్టెలు కోసినా నిలవాలన్న నియమం పొడిచే కత్తికి లేదు. అది చేసే పని, చేస్తే గీస్తే, ఒకసారి. ఆ లెక్కన పాత ఎల్‌6 దివ్యంగా సరిపోతుంది. కొత్త 420హెచ్‌సీ కూడా సరిపోతుంది. ఎంతో గొప్పదని చెప్పుకునే ఎస్30వీ ఈ ఒక్క పనికి వాటికన్నా తక్కువే కావచ్చు, ఎందుకంటే సన్నటి మొన దగ్గర దానికి పెళుసుదనం ఎక్కువ.

దీనికి ఒక జవాబు చెబుతారు, అదీ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు. "మీరు సినిమాలు చూసి మాట్లాడుతున్నారు. యుద్ధంలో కత్తితో మేం చేసేది పెట్టెలు విప్పడం, తాళ్ళు కోయడం, డబ్బాలు తెరవడం." ఇది నిజం. అమెరికన్ మెరైన్లు 1942 నుంచి వాడిన కా-బార్ కత్తి సంగతి చూడండి. లావుపాటి బ్లేడు, ప్రధానంగా ఒకవైపే పదును, 1095 జాతి కార్బన్ ఉక్కు. దాంతో నేల తవ్వారు, మేకులు కొట్టారు, డబ్బాలు తెరిచారు. అవసరపడితే చంపారు కూడా. దానికి ఉక్కు ఏదన్న వాదంలో అర్థముంది, ఎందుకంటే అది రోజూ ఏదో ఒకటి కోసే కత్తి. కానీ మార్క్ 2 లాంటి రెండంచుల బాకుతో డబ్బా తెరవబోతే మీ బొటనవేలు పెట్టడానికి వెనక చోటు ఉండదు. మొన ఎత్తి తిప్పితే విరుగుతుంది. పెట్టెలు విప్పడమే పని అయితే, అది ఏ ఉక్కుతో చేసినా చెడ్డ కత్తే. చంపడమే పని అయితే, ఏ ఉక్కయినా చాలు. రెండు దారుల్లోనూ, ఉక్కు మీద జరిగే ఇంత రభసకి కాళ్ళూనుకునే చోటు దొరకదు.

అయితే తెలివైనవాళ్ళు ఇన్నేళ్ళుగా దేని గురించి వాదిస్తున్నట్టు?

'మంచి' అన్న మాటతో ఒక చిక్కుంది. పీటర్ గీచ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1956లో ఒక చిన్న వ్యాసంలో ఈ చిక్కు విప్పి చూపించాడు. 'ఎర్ర కారు' అంటే అది ఎరుపు, అది కారు, రెండూ విడివిడిగా నిజం. 'మంచి దొంగ' అంటే అతను దొంగ, అతను మంచివాడు అని విడదీయలేం. దొంగతనంలో మంచివాడు అని అర్థం. 'మంచి' ఎప్పుడూ పక్కనున్న నామవాచకం మీద ఆనుకుని నిలబడుతుంది. మంచి కత్తి అంటే కోయడంలో మంచిది. మంచి బాకు అంటే మరి దేనిలో మంచిదో మీరే చెప్పండి. చెప్పడానికి నోరు కాస్త తడబడుతుంది కదా. ఆ తడబాటులోంచి తప్పించుకునే దారే 'మంచి ఉక్కు'. ఉక్కుకి చంపడం అనే పని లేదు. దానికి ఉన్నవి గట్టిదనం, విరగని గుణం, తుప్పు పట్టని గుణం. వాటిని ఎంత మెచ్చుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. నామవాచకం మార్చేస్తే చాలు, మెచ్చుకోలు పరిశుభ్రమైపోతుంది.

ప్లేటో రిపబ్లిక్ మొదటి భాగంలో సోక్రటీస్, త్రాసిమేకస్‌తో వాదిస్తూ ఒక ఉదాహరణ ఇస్తాడు. ద్రాక్షతీగ కొమ్మని బాకుతోనూ కోయొచ్చు, ఉలితోనూ కోయొచ్చు, ఇంకా చాలా వాటితో కోయొచ్చు. కానీ అందుకోసమే చేసిన కత్తితో కోసినంత బాగా మరి దేనితోనూ కోయలేం. కాబట్టి అదే దాని పని, ఆ పని బాగా చేయడమే దాని గుణం. ఈ ఉదాహరణ తత్వశాస్త్రం చదివినవాళ్ళందరికీ గుర్తుంటుంది. అందులో బాకు కూడా ఉందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. తన పని కానిది చేస్తూ, సరిగ్గా చేయలేక, ద్రాక్షతోట గట్టున అది నిలబడి ఉంటుంది. బాకు అసలు పని ఏమిటని సోక్రటీస్ అడగడు. న్యాయం గురించి మాట్లాడుతున్న చోట, అది అడిగి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మన మాటల్లో కూడా ఈ తప్పుకోవడం ఉంది. కుర్రాళ్ళు ఏదైనా బాగుంటే "కత్తిలా ఉంది" అంటారు. ఉక్కు మనిషి, ఉక్కు సంకల్పం అంటాం. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని ఒక తరం వీధుల్లోకొచ్చి నినదించింది. ఉక్కు మన నోట్లో లోహం కన్నా ముందు ఒక గుణం. ఇంగ్లీషులో వూట్జ్ అని పిలిచే ఉక్కు పేరు కూడా 'ఉక్కు' లోంచే పుట్టిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఈ కాలపు కత్తుల అభిమానులు డమాస్కస్ ఖడ్గాల గురించి భక్తిగా మాట్లాడుకుంటారు. ఆ అసలు డమాస్కస్ ఉక్కు ఇదే జాతిది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ముద్దలుగా చేసేవాళ్ళు. పర్షియా నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వాయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టరు రాసిన వర్ణన 1832లో అచ్చయింది. కార్బన్ 1.5 శాతం చుట్టుపక్కల ఉండే ఆ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో తంటాలు పడ్డాడు.

ఈ సంగతి గర్వంతో చెప్పుకోవడానికి ఎత్తలేదు. కోనసముద్రం కమ్మరి అమ్మింది ఉక్కు ముద్ద. అది ఇస్ఫహాన్‌లో ఖడ్గమవుతుందా, మరొకటవుతుందా అన్నది అతని చేతిలో లేదు. "నా పని మంచి ఉక్కు చేయడం" అని అతను అంటే అందులో అబద్ధం లేదు. ఉక్కు నాణ్యత అన్నది ఆయుధం నుంచి విడిగా నిలబడే చోటు నిజంగా ఒకటుంది. అది మూస దగ్గర ఉంది. బాకు ఆకారంలోకి సాగగొట్టి, రెండు వైపులా సానపట్టి, ఒరలో పెట్టాక, ఆ మూస దగ్గరి మాట తెచ్చి వాడుకుంటున్నామంటే అరువు తెచ్చుకున్న నిర్దోషిత్వంతో మాట్లాడుతున్నామన్నమాట.

ఉక్కుని పరీక్షించే పద్ధతుల్లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఇప్పుడు పదును ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి ఒక యంత్రం ఉంది, షెఫీల్డ్‌లోని కాట్రా అనే పరిశోధన సంస్థది. సన్నటి ఇసుక కలిపి చేసిన అట్టల్ని దొంతరగా పెట్టి, కత్తిని కొలిచిన బరువుతో ముందుకూ వెనక్కూ నడుపుతుంది. మొత్తం ఎన్ని మిల్లీమీటర్ల అట్ట తెగిందో లెక్క. చక్కటి పరీక్ష, ఎవరు చేసినా ఒకటే ఫలితం. జపాన్‌లో, ఎదో పాలకుల కాలంలో, ఖడ్గాన్ని శవాల మీద పరీక్షించేవారు. మరణశిక్ష పడ్డవాళ్ళ శవాలు. యమదా అసాయెమోన్ అన్న పేరుతో ఒక వంశం తరతరాలుగా ఈ పని చేసింది. ఒక వేటుకి ఎన్ని శరీరాలు తెగాయో ఖడ్గం పిడిలోపలి భాగం మీద చెక్కేవారు, కొన్నిసార్లు బంగారంతో. అలా చెక్కిన ఖడ్గాలు ఈనాటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, జలదరించాలి కూడా. అయినా ఒక విషయంలో ఆ పద్ధతి కాట్రా యంత్రం కన్నా నిజాయితీ గలదని నేననుకుంటాను. ఖడ్గం నాణ్యత అంటే ఏమిటో అది కళ్ళెదుట పెట్టింది. ఆ ఖడ్గాన్ని మెచ్చుకోవాలంటే ఆ చెక్కిన గీతల్ని కూడా చదవాలి. అట్టపెట్టె ఆ బాధ తప్పించింది. అట్టని కోసినంత మాత్రాన దాని మీద మనకి దయ పుట్టదు.

ఇంతవరకూ చెప్పింది వింటే అభిమానులందరినీ దొంగల్ని చేశానేమో అనిపించొచ్చు. అలా కాదు. వాళ్ళ ఫిర్యాదులో ఒక అసలైన నైతిక ప్రశ్న ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఒక పేరు మీద నమ్మకం ఏర్పడింది. ఆ పేరు తెచ్చింది పాత ఉక్కు, పాత పనివాళ్ళు, పాత పద్ధతి. ఇప్పుడు అదే పేరు పెట్టి, అదే ధైర్యంతో, లోపల వేరేది పెట్టి అమ్మొచ్చా? ఏం పెట్టిందీ దాచకుండా చెబితే మోసం కాదు. కానీ పేరు చెప్పే మాట ఒకటుంటుంది, చిన్న అక్షరాల్లో ఉన్న మాట ఒకటుంటుంది. పేరు 1967 అంటుంది, చిన్న అక్షరాలు 2008 అంటాయి. కొనేవాడు ఏది విని కొంటున్నాడో అమ్మేవాడికి బాగా తెలుసు. ఈ కోపం న్యాయమైనదే. చీర అంచు మీద ఊరి పేరు ఉండి నేత మరమగ్గం మీద జరిగితే మనకి వచ్చే కోపం లాంటిదే.

కాకపోతే నాకు వింతగా తోచేది, ఈ నీతి ఎంత సన్నగా ఉండి ఎంత పదునుగా ఉందీ అన్నది. కార్బన్ శాతం దగ్గర ఒక దశాంశం తేడా వస్తే సహించని మనిషి, ఆ కత్తి దేని కోసం పుట్టిందన్న ప్రశ్న దగ్గర మాత్రం "అదంతా ఎందుకులెండి" అంటాడు. నిజాయితీ అంతా ఉక్కులోకి ఇంకిపోయి, చేతికి ఏమీ మిగలనట్టుంటుంది.

మా ఊళ్ళో ఒకాయన ఉన్నారు, గుంటూరు వైపు మనిషి, ఇక్కడికొచ్చి పాతికేళ్ళు. ఆయన దగ్గర పాత మార్క్ 2 ఒకటి, కొత్తది ఒకటి ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ తేడాలన్నీ ఓపిగ్గా చెప్పారు. పిడి మీద పిల్లి నాలుకలాంటి గరుకుదనం మీద వేలు పెట్టించారు. ఆయనకి తెలిసింది నాకు పదేళ్ళు చదివినా రాదు.

"అన్నా, ఇంతకీ వీటితో ఏం చేస్తారు?" అన్నాను.

"ఏం చేస్తాం? ఏం చెయ్యం. ఉంచుకుంటాం."

"చెయ్యనప్పుడు ఉక్కు ఏదైతే ఏంటి?"

ఆయన నవ్వలేదు. కాసేపాగి, "చెయ్యాల్సొస్తే అప్పుడు మాట తప్పకూడదు కదమ్మా" అన్నారు.

నేను విన్న జవాబుల్లో ఇదే నిజమైనది. రోజూ వాడే కత్తికి ఇవాళ్టి పనిలో మంచితనం ఉంటుంది. వాడని బాకుకి ఉండేది, రాకూడదని కోరుకునే రోజున పనికొస్తుందన్న హామీ. ఇందులో విచిత్రం ఏమీ లేదు. ఫైర్ ఇంజన్ గురించి కూడా అలాగే అనుకుంటాం. కానీ ఫైర్ ఇంజన్ విషయంలో రాకూడదనుకునేది మంట. మంట వస్తే బండి ఏం చేస్తుందో ఊహించుకోవడానికి మనకి జంకు లేదు. బాకు విషయంలో రాకూడదనుకునే ఆ రోజున ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో అన్నగారు ఎప్పుడైనా ఊహించారా? నేను అడగలేదు. మాట తప్పకూడదని కత్తిని కోరుకున్నప్పుడు, ఆ మాట ఏమిటో ఒకసారైనా మనసులో పూర్తిగా పలికి ఉండాలి కదా అన్నది నా ప్రశ్న. సగం పలికి ఆపేసి, మిగతా సగం చోట ఉక్కు నంబరు పెట్టుకోవడం చాలామంది చేసేది.

ఆయుధపూజ నాడు మనమూ చేసేది అదే అని మా అన్నగారు వాదిస్తారు. దసరాకి కత్తీ, కొడవలీ, స్కూటరూ, కంప్యూటరూ ఒకే వరసలో పెట్టి బొట్టు పెడతాం కదా, దేని పని ఏమిటని అడుగుతామా అని. మాట బాగుంది. కానీ నాకు పూర్తిగా ఎక్కలేదు. పనిముట్టుకి బొట్టు పెట్టేవాడు తనని పోషించేదానికి పెడుతున్నాడు. మర్నాడు మళ్ళీ దాంతోనే పనిలోకి వెళతాడు. గాజు బీరువాలో ఉన్న బాకుకి మర్నాడు పని లేదు.

వియత్నాం రోజుల తర్వాత, 1970ల్లో, కొన్ని సైనిక స్థావరాల దుకాణాలు మార్క్ 2 అమ్మడం ఆపేశాయని దీని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. కారణం, ఇది సభ్యమైన అభిరుచికి తగినట్టు లేదట. చంపడానికి జీతమిచ్చి పంపే చోట, చంపే కత్తి మరీ క్రూరంగా ఉందని బల్ల మీంచి తీసేశారన్నమాట. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ దుకాణం మేనేజరు, తెలిసో తెలియకో, మిగతావాళ్ళెవరూ చేయని పని చేశాడు. ఆ కత్తిని చూసి అది దేని కోసమో చదివాడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల చట్టాలు కూడా బాకుని మామూలు కత్తి నుంచి వేరుచేసి చూస్తాయి. ఆ చట్టాల్లో ఎక్కడా ఉక్కు ప్రసక్తి ఉండదు, ఆకారం ప్రసక్తే. చట్టం చూసేదొకటి, అభిమాని చూసేదొకటి.

ఇలాంటి వస్తువుల్ని ఉంచుకోకూడదని నేననను. యుద్ధం జరిగింది, అందులో ఈ కత్తులు ఉన్నాయి, వాటిని కరిగించేసినంత మాత్రాన జరిగింది పోదు. ఉక్కు గురించి మాట్లాడొద్దనీ అనను. నాకు నచ్చనిది ఒక్కటే, 'క్లాసిక్' అన్న మాట. మార్క్ 2 క్లాసిక్, ఫెయిర్‌బెర్న్ బాకు క్లాసిక్ అంటారు. కావ్యాన్నీ, చంపే పనిముట్టునీ ఒకే మాటతో పిలిచేసరికి, రెండోదాన్ని కూడా చదివి ఆనందించేదిగా భావించడం అలవాటైపోతుంది. ఫెయిర్‌బెర్న్ పట్టిక ఆ పక్కనే ఉంచితే ఎవరూ క్లాసిక్ అనరు. మళ్ళీ తయారుచేసేవాళ్ళు కత్తితో పాటు ఆ పట్టిక ఎందుకు అచ్చువేసి ఇవ్వరు? ఒరిజినల్‌కి నమ్మకంగా ఉండటమే నీతి అయితే అదీ ఒరిజినల్‌లో భాగమే కదా.

పాత మార్క్ 2 కత్తుల ధరల గురించి అన్నగారు చెప్పిన ఒక సంగతి ఉంది. కలెక్టర్లు అందరికన్నా ఎక్కువ ఇచ్చేది పెట్టెలోంచి తీయని కత్తికి. సైనికుడు నడుముకి కట్టుకుని తిరిగి, అరిగి, ఇంట్లో సానపట్టుకున్నదానికి ధర పడిపోతుంది, ఎవరి కత్తో కాగితాలతో సహా రుజువుంటే తప్ప. ఫ్యాక్టరీ పెట్టిన పదును అలాగే ఉండాలి, సానరాయి తగలకూడదు. అంటే, ఎల్‌6 గొప్పదా 420హెచ్‌సీ గొప్పదా అని ఇంత వాదం నడుస్తున్న ఆ పాత కత్తుల్లో, అన్నిటికన్నా ఖరీదైనవాటి ఉక్కు ఎలాంటిదో ఈ అరవై ఏళ్ళలో ఎవరూ పరీక్షించి చూడలేదు. ఆయన తన పాతదాన్ని కూడా ఎప్పుడూ దేని మీదా పెట్టలేదట. కాగితం కూడా కోయలేదట. ఆ మాట చెప్పి, బ్లేడుకి నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఒరలో పెట్టేశారు.